టెలిఫోను తీగయా, కేబులు తీగయా?

టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటపెట్టెలు, అనగా ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు మొదలైన కన్సోళ్లు, ఇపుడు మహానగరములకే పరిమితములై యుండలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యిండ్లలోనికిని అవి వచ్చుచున్నవి. బెంగుళూరులో ఉద్యోగము చేయు మేనమామ పండుగకు వచ్చుచు తెచ్చి యిచ్చును. లేదా పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నందులకు తండ్రి కొనిపెట్టును. పెట్టె వచ్చిన వారమునకే రెండవ కోరిక బయలుదేరును. "అమ్మా, ఈ నెట్టుతో కాదు, మంచి నెట్టు కావాల" అని పిల్లవాడు వెంటబడును. ఆ మంచిది ఏదని విచారింపబోయిన తల్లికి ఒకరు టెలిఫోను తీగ మేలనియు, ఇంకొకరు కేబులు తీగ మేలనియు, వేఱొకరు ఆ రెండును పాతబడినవి, గాజుతీగయే గతియనియు చెప్పుదురు. చెప్పినవారిలో హెచ్చుమంది తాము అమ్మదలచినదానినే మేలని చెప్పుదురు.

ఇది పిల్లల యాట సంగతి, మగవారు చూచుకొందురులే యని మన సోదరీమణులు విడిచిపెట్టుట మాకు సమ్మతము కాదు. నెలనెలకు బిల్లు కట్టునది ఇంటి సొమ్ము. తీగ తెగినపుడు పగటివేళ బాగుచేయువానికి ఫోను చేసి, "రేపొస్తామక్కా" అను మాట మూడు దినములు విని, వాడు వచ్చువఱకు కనిపెట్టుకొని యుండునది చాల యిండ్లలో గృహిణియే. ఆ తీగపైననే కూతురు పాఠములు వినుచున్నది. కువైటుకు పోయి యొకరి యింట పనిచేయుచున్న చెల్లెలి ముఖము రాత్రి తొమ్మిదింటికి కనబడుటయు ఆ తీగపైననే. కావున ఆటపెట్టె పేర తెచ్చు తీగను ఇల్లంతటికిని తెచ్చు తీగగా నెంచి ఎన్నుకొనవలెను. ఆ యెన్నికకు వలసినంత తెలివి సంపాదించుటకు ఇంజనీరు చదువు అక్కఱలేదు.

మొదట ఆటకు ఏమి కావలెనో చూతము. ప్రకటనలలో 50, 100, 200 అని పెద్ద అక్షరములతో వేయు సంఖ్య, సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాగలవో చెప్పును. చెఱువు తూము ఎంత వెడల్పో చెప్పినట్టిది అది. సినిమాలు చూచుటకు తూము వెడల్పుగా ఉండవలెను. ఆటకు అంత అక్కఱలేదు. ఎక్స్‌బాక్సును తయారుచేయు మైక్రోసాఫ్టువారు, ఆన్‌లైను ఆటకు ఇంటికి వచ్చు వేగము 3 మెగాబిట్లు, ఇంటినుండి పోవు వేగము అర మెగాబిట్టు ఉన్న చాలునని తమ సూచనలలో చెప్పియున్నారు. ఈనాడు అమ్మకమునకున్న ఏ కనెక్షనుకైనను అంతపాటి వేగము కలదు. అట్లయిన పిల్లవాడు "ల్యాగు, ల్యాగు" అని అఱచుట ఎందులకు?

ఆటకు కావలసినది వెడల్పు కాదు, జవాబు. పిల్లవాడు మీట నొక్కగానే ఆ వార్త ఎక్కడనో యున్న సర్వరు అను యంత్రమునకు పోయి, అచటినుండి జవాబు తిరిగి రావలెను. ఈ పోయి వచ్చు కాలమునకు పింగు అని పేరు. దానిని సెకనులో వెయ్యవ వంతులతో, అనగా మిల్లీసెకనులతో కొలుతురు. తెరపైని బొమ్మ సెకనుకు 60 మాఱులు మాఱును. ఒక్కొక్క బొమ్మ నిలుచు కాలము 17 మిల్లీసెకనులైనను లేదు. పింగు 30, 40 ఉన్న ఆట సాఫీగా నడచును. 100 దాటినచో క్రికెట్టు ఆటలో బంతి వికెట్టును కొట్టిన పిమ్మట బ్యాటు లేచును. ఆ మాత్రపు ఆలస్యము సినిమా చూచువారికి తెలియనే తెలియదు.

పింగు తక్కువగా ఉండుట యొకటి, నిలుకడగా ఉండుట వేఱొకటి. పుంగనూరు నుండి వచ్చు బస్సు ప్రతిదినమును పది నిమిషములు ఆలస్యమగునని తెలిసిన, మనమును పది నిమిషములు ఆలస్యముగనే బయలుదేరుదుము. ఒకనాడు వేళకును, ఒకనాడు ముప్పావుగంట తరువాతను వచ్చు బస్సును నమ్మి యెవరును పెండ్లికి పోజాలరు. ఈ నిలుకడలేమిని జిట్టరు అందురు. ఆటగానిని ఎక్కువ బాధించునది ఇదియే. ఎల్లప్పుడు 60 ఉండు తీగ, ఒకమాఱు 20, మఱియొకమాఱు 200 చూపు తీగకంటె ఎన్నియో రెట్లు మేలు.

కొంత ఆలస్యమును ఏ తీగయు తప్పింపలేదు. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. చౌడేపల్లె నుండి ముంబయి గాలిదారిలో సుమారు 900 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 9 మిల్లీసెకనులు తప్పవు. సింగపూరు సుమారు 3 వేల కిలోమీటర్లు. అచటికి 30 తప్పవు. నిజముగ తీగలు గాలిదారిని పోవు; మదరాసుకో, బెంగుళూరుకో, హైదరాబాదుకో చుట్టుతిరిగి, నడుమ పలు యంత్రములను దాటి పోవును గనుక లెక్క ఇంకను పెరుగును. మదరాసు తీరమునుండి సముద్రగర్భమున సింగపూరునకు 2002లోనే ఐటూఐ అను గాజుతీగను సుమారు 3,200 కిలోమీటర్లు వేసిరి. మన పిల్లలు సింగపూరు సర్వరులో ఆడగలుగుట అట్టి తీగల చలువ. కావున ఆట సర్వరు ఏ దేశములో నున్నదో తెలిసికొనకుండ తీగవానిని తిట్టుట న్యాయము కాదు. సర్వరు అమెరికాలో నున్న ఆటకు ఏ కంపెనీ తీగ తెచ్చినను పింగు 200 క్రిందికి దిగదు.

ఇక టెలిఫోను తీగ సంగతి. డీఎస్ఎల్ అనునది క్రొత్త తీగ కాదు. మన యిండ్లకు మాటలు మోసికొని వచ్చిన ఆ రాగి జంటతీగయే. మన కంఠస్వరమునకు అక్కఱలేని హెచ్చు శ్రుతులమీద ఇంటర్నెట్టును పంపుట దీనిలోని యుక్తి. స్ప్లిట్టరు అను చిన్న డబ్బీ గోడవద్ద మాటను, ఇంటర్నెట్టును విడదీయును. 2004 అక్టోబరులో భారత ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించినపుడు, సెకనుకు 256 కిలోబిట్లు వచ్చిన దానికే ఆ పెద్దపేరు పెట్టెను, మెగాబిట్టులో నాలుగవవంతు! 2013లో దానిని 512కు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచిరి. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్‌వారు డేటావన్ అను పేర ఈ కనెక్షనును ఇయ్య మొదలిడిరి. ఆ కాలపు కొన్ని పథకములలో రాత్రి 2 గంటల నుండి ఉదయము 8 గంటల వఱకు వాడినదానికి లెక్క లేకుండెను. ఇంటిల్లిపాదియు నిద్రించుచుండగా కంప్యూటరు మేలుకొని యుండిన రాత్రులు అప్పటి తల్లులకు జ్ఞాపకముండును.

ఈ తీగకు ఒక సుగుణము కలదు. ఇంటినుండి ఎక్స్చేంజి వఱకు అది మీ యొక్కరిదే. ప్రక్కయింటివారు సినిమా చూచినను, ఎదురింటివారు పాటలు వినినను మీ రాగితీగలో కొఱత పడదు. దోషమో, దూరము. మట్టికాలువలో నీరు పోవుకొలది ఇంకిపోయినట్లు, రాగితీగలో సంకేతము దూరము పోవుకొలది క్షీణించును. ఏడీఎస్ఎల్2ప్లస్ అను పద్ధతిలో ఎక్స్చేంజి ప్రక్కనున్న యింటికి 24 మెగాబిట్ల వఱకు రావచ్చును. మూడు, నాలుగు కిలోమీటర్లు పోవుసరికి అందులో మూడవవంతు దక్కుట కష్టము. అయిదు దాటిన దాదాపు పనికిరాదు. మండల కేంద్రములో ఎక్స్చేంజి వీధిలోనున్న యింటికిని, పొలముల నడుమనున్న పల్లెకును ఒకే బిల్లు వచ్చును గాని ఒకే నీరు రాదు. తీగ అతుకులలో తేమ చేరిన వానకాలమున ఆ వచ్చునదియు తెగి తెగి వచ్చును.

దీనిలోనే యొక గుప్తమైన సంగతి కలదు. పాత రాగితీగలో చప్పుడు హెచ్చు గనుక తప్పులు దొర్లకుండ కంపెనీవారు వార్తలను ముక్కలుచేసి కలగలిపి పంపుదురు. దీనిని ఇంటర్‌లీవింగు అందురు. సినిమా చూచువారికి ఇది మేలు. ఆటగానికి మాత్రము 20 నుండి 40 మిల్లీసెకనులు వృథాగా చేరును. తీగ బాగుగానున్న యింటికి దీనిని తీసివేయించుకొన వీలుండెడిది. అడుగవలెనని తెలిసినవారు మాత్రము బహు తక్కువ.

కేబులు తీగ జాతకము వేఱు. అది టెలివిజను కొఱకు పుట్టిన లావైన నల్లతీగ. దానిలో ఇంటర్నెట్టును పంపు డాక్సిస్ అను పద్ధతిని 1997లో అమెరికాలో స్థిరపఱచిరి. రాగి జంటతీగకంటె దీనిలో చాల వెడల్పు కలదు. అయితే ఇది ఉమ్మడి కాలువ. వీధిలోని పదుల, వందల యిండ్లు ఒకే తీగనుండి పంచుకొనవలెను. పగలు పదకొండు గంటలకు పరీక్షించిన అద్భుతముగా నుండును. రాత్రి ఎనిమిదింటికి అందఱును మడులకు నీరు మరల్చుకొనిన వేళ కడపటి మడికి చేరునది యెంతయో రైతు బిడ్డలకు మేము చెప్పనక్కఱలేదు. పిల్లలు ఆడునది సరిగా ఆ వేళయే.

ఈ రెండింటి నడుమ ఎన్నిక చేయవలసిన చిక్కు మొదట అమెరికాలో పుట్టినది. 2002 నవంబరు 15వ తేదీన మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్సు లైవు అను సేవను ఆరంభించినపుడు, పాత డయలప్పు కనెక్షనుతో అది పనిచేయదు, బ్రాడ్‌బ్యాండు ఉండవలెనని నియమము పెట్టిరి. న్యూజెర్సీ, టెక్సాసు, కాలిఫోర్నియాలలో కాపురమున్న మన తెలుగు కుటుంబములకును నాడు టెలిఫోను కంపెనీ డీఎస్ఎల్ ఒకవైపు, కేబులు కంపెనీ మోడెము ఇంకొకవైపు నిలిచినవి. దూరమున నున్నవారికి డీఎస్ఎల్ కుంటుపడెను. జనసమ్మర్దము గల వీధులలో సాయంకాలము కేబులు కుంటుపడెను. ఆ తగవు తీరకమునుపే గాజుతీగ వచ్చినది. 2020 అక్టోబరు 1వ తేదీనుండి అచటి ఏటీఅండ్‌టీ కంపెనీ క్రొత్తగా డీఎస్ఎల్ కనెక్షన్లు అమ్ముటయే మానివేసెను. మన దేశమునను బీఎస్ఎన్ఎల్‌వారు పాత రాగితీగ ఖాతాదారులను గాజుతీగకు మార్చుచున్నారు. కనుక చౌడేపల్లెలో నేడెవరైన క్రొత్తగా డీఎస్ఎల్ పెట్టించుకొమ్మనిన, మేము వలదనియే చెప్పుదుము. ఇదివఱకే ఉండి, ఎక్స్చేంజి దగ్గఱయై, పింగు నిలుకడగా నున్నవారు మాత్రము ఎవరో తొందరపెట్టిరని దానిని ఱేపే తీసివేయ పనిలేదు. ముందు క్రొత్త తీగ తెచ్చి, కొన్నిదినములు చూచి, పిదప పాతదానిని విడువవచ్చును.

ఇక కేబులు. మన ప్రాంతమున ఈ మాటకు అర్థము ఒకటి కాదు. అందువలననే గృహిణులు మోసపోవుచున్నారని మా యభిప్రాయము. టెలివిజను కనెక్షను ఇచ్చిన మనుష్యుడే ఇంటర్నెట్టు కూడ ఇచ్చును గనుక, తీగ ఏదైనను దానిని "కేబుల్ నెట్" అందుము. నిజమునకు అది మూడింటిలో ఏదైనను కావచ్చును. ఇంటిలోనికి వచ్చు తీగ కొసను ఒకమాఱు చూచిన తెలియును. లావైన నల్లతీగ, కొసకు మఱ, నడుమ సన్నని రాగిసూది కనబడిన అది టెలివిజను కేబులే. చదునైన ప్లాస్టికు క్లిప్పులో ఎనిమిది చిన్న రేకులు మెఱయుచుండిన అది లాను తీగ. వీధి మూలవఱకు గాజుతీగ తెచ్చి, అచటినుండి మిద్దెలమీదుగా ఈ తీగను లాగియుందురు. దారపుపోగంత సన్నని తీగకు పచ్చని లేక నీలపు ప్లాస్టికు తల ఉండిన, అది ఇంటివఱకు వచ్చిన గాజుతీగ, అనగా ఫైబరు. ఆటకు మాత్రమే కాదు, అన్నింటికిని ఈ మూడవదియే మేలు. ఇంటినుండి ఆపరేటరు వఱకు అది చేర్చు ఆలస్యము రెండు మూడు మిల్లీసెకనులు మాత్రమే.

పల్లెలకు ఈ గాజుతీగ చేరుటలో మన రాష్ట్రమునకు ఒక చరిత్ర కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫైబర్‌నెట్టు సంస్థను నెలకొల్పి, భూమిని త్రవ్వి తీగ పూడ్చుటకు బదులు విద్యుచ్ఛక్తి శాఖవారి స్తంభములమీదుగనే సుమారు 24 వేల కిలోమీటర్ల గాజుతీగను లాగించెను. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దానిని జాతికి అంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇచ్చునట్లు నాడు ప్రకటించిరి. ఇండ్లకు కడపటి తీగ లాగు పనిని ఆయా ఊళ్ల కేబులు ఆపరేటర్లకే అప్పగించిరి. స్తంభములమీది తీగ చౌకయైనది, త్వరగా వచ్చినది. గాలివానకు కొమ్మ విఱిగి పడిన తెగునదియు అదియే. కంపెనీ పేరు ఏదైనను స్తంభమెక్కువాడు మన యూరివాడే. కనుక మేము ప్రకటన చదువుటకు ముందు ఆ వీధిలోని నలుగురు గృహిణులను అడుగుదుము: తీగ తెగిన ఎన్ని దినములకు వచ్చి అతికినాడు? ఈ ప్రశ్నకు వచ్చు జవాబు, కాగితముమీది 100 మెగాబిట్లకంటె విలువైనది.

కరెంటు సంగతి కూడ ఇచటనే అడుగవలెను. ఇంటిలో ఇన్‌వర్టరు ఉన్నను, వీధిలో కరెంటు పోగానే ఇంటర్నెట్టు పోవుచున్నదని చాలమంది ఆశ్చర్యపడుదురు. లాను తీగ అయినచో వీధి మూలనున్న స్విచ్చు పెట్టెకు కరెంటు కావలెను. అచట బ్యాటరీ లేకున్న మీ ఇన్‌వర్టరు నిష్ప్రయోజనము. నల్ల కేబులుకును మార్గమధ్యమున కరెంటుతో పనిచేయు పెట్టెలు కలవు. గాజుతీగలో వెలుతురును పంచు స్ప్లిట్టరుకు కరెంటు అక్కఱలేదు. ఆపరేటరు గదిలోను, మీ యింటిలోను ఉన్న చాలును. గృహములో నుండు మోడెము, రౌటరు రెండును కలిసి ఒక చిన్న బల్బుకంటె ఎక్కువ తినవు; వానికొఱకు అమ్ము చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి తెచ్చిన గంటో రెండు గంటలో నడచును. ఇంకొక లాభము: వైశాఖపు ఉఱుములలో రాగితీగ వెంట పిడుగుపోటు వచ్చి మోడెమును, దానితో ఆటపెట్టెను కాల్చిన సందర్భములు కలవు. గాజు విద్యుత్తును మోయదు.

కొన్ని యిండ్లలో తీగ ఉత్తమమైనదే, దోషము ఇంటిలోపలిది. రౌటరు వసారాలో తలుపు ప్రక్కన మేకుకు వ్రేలాడును. ఆటపెట్టె రెండు రాతిగోడల అవతల నుండును. మన ప్రాంతపు బండరాతి గోడలను వై-ఫై దాటుట ఎంత కష్టమో ఆ పిల్లవానికి తెలియదు. ప్రక్కయింటి వై-ఫై, వంటయింటిలోని మైక్రోవేవు పొయ్యి, ఒకే తరంగమున అల్లరి చేయుచుండును. నూఱో రెన్నూఱో రూపాయలు పెట్టి పది మీటర్ల లాను తీగ తెచ్చి, రౌటరునుండి నేరుగా ఆటపెట్టెకు తగిలించిన, జిట్టరు చాలవఱకు తగ్గును. నెలకు మూడువందలు హెచ్చించి పెద్ద పథకమునకు మాఱుటకు ముందు ఈ చిన్న వైద్యము చేసి చూడవలెను. అది చేయకయే పథకము మార్పించుకొనువారిని చూచి కంపెనీలు సంతోషించును.

మఱియొక చిక్కు పిల్లలు చెప్పగా తల్లులకు అర్థము కానిది. "నా నెట్టు బాగానే ఉంది, కాని స్నేహితునితో కలవడం లేదు, మాట వినబడదు" అందురు. ఇంటర్నెట్టులో ప్రతి యింటికి ఒక అంకెల చిరునామా ఉండవలెను. ఆ పాత చిరునామాలు ప్రపంచమున చాలనందున, పలువురు ఆపరేటర్లు వందల యిండ్లకు కలిపి ఒకే చిరునామా వాడుచున్నారు. పాఠములకు, సినిమాలకు దీనివలన కొఱత లేదు. ఇద్దఱు పిల్లల పెట్టెలు ఒకదానితో నొకటి నేరుగా మాటలాడవలసినపుడు మాత్రము, వీధికంతకు ఒకే ఇంటి నెంబరు ఉన్న తపాలావాడు ఏమి చేయునో అట్లగును. ఆటపెట్టె తన పరీక్షలో దీనిని స్ట్రిక్టు నాట్ అని చూపును. క్రొత్త పద్ధతి చిరునామా, అనగా ఐపీవీ6 ఇచ్చెదరా యని, లేదా వేఱు చిరునామాకు ఎంత అడుగుదురని ముందే విచారింపవలెను.

వెడల్పుతో పని లేదంటిమి గదా, ఒక్కచోట కలదు. ఆటను దింపుకొనుటకు. ఈనాటి పెద్ద ఆటలు కొన్ని 100 గిగాబైట్లను మించియున్నవి. అంతటి ఆట 2 మెగాబిట్ల తీగలో దిగుటకు నాలుగున్నర దినములకు పైగా పట్టును. 15 మెగాబిట్లలో సుమారు 15 గంటలు. 100 మెగాబిట్లలో రెండుంబావు గంట. ఆడునపుడు మాత్రము చాల ఆటలకు గంటకు 100 మెగాబైట్లకు అటునిటు చాలును. కావున నెలకు ఇంతవఱకే యని పరిమితి గల పథకము తీసికొనిన, ఒక్క ఆట దిగుసరికి నెల గ్రాసము ముగిసి, కూతురి పాఠములకు మిగులు నది నత్తనడక. పరిమితి యెంత, అది దాటిన వేగమెంత అని వ్రాయించుకొనక డబ్బు కట్టరాదు. ఆటను దింపుట రాత్రి అందఱును పండుకొనిన పిదప జరుగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును.

ఇంటిలో జగడము పుట్టు చోటు ఇంకొకటి కలదు. చెల్లెలు కువైటునుండి పిలుచు వేళ మనకు రాత్రి తొమ్మిది, అచట ఆఱున్నర. ఆమెకు దొరకు తీరిక అదియే. ఆ వీడియో మాటకు ఇంటినుండి బయటికి పోవు మార్గమున ఒక మెగాబిట్టు దాక కావలెను. డీఎస్ఎల్ తీగలో బయటికి పోవు మార్గమే మొత్తము ఒక మెగాబిట్టు. అక్క ముఖము కువైటుకు పోవుచుండగా పిల్లవాని ఆట వార్తలు వెనుక వరుసలో నిలుచును. పింగు 40 నుండి 400కు ఎగయును. "అమ్మా, ఫోను పెట్టేయవే!" అని వాడు అఱచును. చెల్లెలు ఆ మాట వినును. ఏడాదికొకమాఱైన ఇంటికి రాలేనిదానికి ఆ మాట ఎట్లుండునో వానికి తెలియదు. ఇది పిల్లవాని చెడ్డతనము కాదు, తీగ యిఱుకు. నల్ల కేబులులో కూడ లోనికి వచ్చు మార్గము వెడల్పు, బయటికి పోవునది సన్నము. గాజుతీగ పథకములలో పలుచోట్ల రెండును సమానముగా ఇత్తురు. కావున అడుగవలసిన మొదటి సంఖ్య అప్‌లోడు ఎంత యనునది. ప్రకటనలో దానిని చిన్న అక్షరములతోనైనను వేయరు. మంచి రౌటర్లలో వార్తలను క్రమముగా పంపు ఏర్పాటు కూడ ఉండును. దానిని పెట్టించుకొనిన తల్లి మాటయు, కొడుకు ఆటయు ఒకే వేళ సాగును.

తీగ లేకయే గాలిలో వచ్చు కనెక్షన్లను కూడ ఇపుడు అమ్ముచున్నారు. 2023 నుండి ఎయిర్‌ఫైబరు అను పేర ప్రకటనలు హెచ్చినవి. తీగ చేరని కొండదరి పల్లెలకు ఇది వరమే. బోయకొండ చుట్టుపట్ల వలె గుట్టలు అడ్డమున్న చోట టవరు కనబడుటను బట్టి ఫలితముండును. తీగ దొరకు చోట ఆటకొఱకు దీనిని ఎన్నుకొనుమని మేము చెప్పము.

ఖర్చు లెక్క వేయునపుడు తీగ ఒక్కటియే కాదు. ప్లేస్టేషను 5 మన దేశమున 2021 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయైనపుడు డిస్కు గలదాని వెల 49,990 రూపాయలు. దానిపైన కొనిన ఆటలలో చాలవానిని నలుగురితో కలిసి ఆడవలెనన్న వేఱుగా చందా కట్టవలెను. ఉచితమని చెప్పు ఆటలలో బట్టలు, కత్తులు, రంగులు అమ్ముదురు. ఆటపెట్టెలో బ్యాంకు కార్డు నెంబరు నిలువయుంచక, తల్లి ఖాతాక్రింద పిల్లవాని ఖాతా తెఱచి, కొనుగోలుకు రహస్యసంఖ్య పెట్టుట మేలు. వేళలను కూడ అందులోనే నిర్ణయింపవచ్చును. డబ్బు పందెముపెట్టు ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రము 2020లోనే నిషేధించినది; 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికిని అట్టి నిషేధ చట్టము చేసినది. బంతియాట, బండ్లపందెము వంటి మామూలు ఆటలకు ఆ నిషేధము లేదు. ఈ రెండింటి భేదము ఎఱుగక, ఆటపెట్టె యనగానే జూదమని పిల్లవానిమీద విఱుచుకుపడు పెద్దలను మేము సమర్థింపము. గంటల లెక్క లేకుండ వదలిపెట్టు వారినిని సమర్థింపము.

ఇంతకు చౌడేపల్లె గృహిణి ఏమి చేయవలెను? మా సలహా యిది. వీధిలో ఇంటివఱకు గాజుతీగ వచ్చియున్నచో, 40 లేక 50 మెగాబిట్ల పథకము చాలును. దానిమీద హెచ్చు పెట్టు సొమ్ము ఆటకు ఉపయోగపడదు. గాజుతీగ లేక, లాను తీగ మాత్రమే ఉన్నచో, స్విచ్చు పెట్టెకు బ్యాటరీ కలదా యని అడిగి తీసికొనవచ్చును. నల్ల కేబులు మాత్రమే ఉన్నచో, డీఎస్ఎల్‌తో పోల్చి చూడక తప్పదు. ఎక్స్చేంజి కిలోమీటరులోపల నున్న యింటికి రాగితీగయే నిలుకడగా నుండవచ్చును. ఏదైనను ఏడాది డబ్బు ఒక్కమాఱు కట్టవలదు. ముందు ఆ తీగయే ఉన్న యిరుగుపొరుగు యింటికి పోయి, రాత్రి ఎనిమిది నుండి పది గంటల నడుమ, మూడు దినములు వరుసగా పింగును పరీక్షింపవలెను. ఆదివారము ఒకటి అందులో ఉండవలెను. పిల్లవానినే వెంటబెట్టుకొని పోయి, సంఖ్యలు వానిచేతనే నోటుబుక్కులో వ్రాయింపుడు. పింగు, జిట్టరు, లోనికి, బయటికి, నాలుగు గడులు. పథకము కుదిరిన పిమ్మట కనెక్షను గృహిణి పేరనే తీసికొని, అడ్వాన్సుగా ఇచ్చిన సొమ్ముకు, రౌటరు అద్దెయో అమ్మకమో తెలియునట్లు, రసీదు వ్రాయించుకొని బియ్యపుడబ్బా అడుగున కాక బీరువాలో పెట్టుకొనవలెను. తీగ మార్చు దినమున ఆపరేటరు మొదట అడుగునది ఆ కాగితమే.